ఫోను పక్కన ఆరు దీపాలు

మా పెద్దమ్మ పోయింది. ఆ కబురు నాకు మెసేజీగా వచ్చింది. మధ్యాహ్నం గిన్నెలు సర్ది, చెయ్యి తుడుచుకుని ఫోను చూస్తే పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, రెండే ముక్కలు రాసి ఉన్నాడు: "అమ్మ పోయింది. పదకొండింటికి." రాసి అప్పటికే రెండు గంటలు దాటింది. వెంటనే ఫోన్ చేసి, "ఇలాంటి మాట రాస్తారా అన్నయ్యా, చెప్పాలి గానీ" అని ముందు కోప్పడ్డాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. "నాలుగుసార్లు చేసినానే. నువ్వెత్తితే కదా" అన్నాడు పాపం. నిజమే. ఫోను సైలెంట్లో పెట్టుకుని మర్చిపోయాను. విశాఖపట్నంలో, రెండు చెవులూ బాగా పనిచేసే నేను, ఫోను మోగిన సంగతి తెలియకుండా చారు కాచుకుంటున్నాను.

పెద్దమ్మ ఇంట్లో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. భిలాయి సెక్టర్ 2లో ఆవిడ ఉండే క్వార్టర్‌లో ఫోను మోగితే గోడ మీద నారింజ రంగు దీపం టపటపా కొట్టుకునేది. ఆవిడకు వినపడదు. అయినా వీధిలో అందరికంటే ముందు ఫోను ఎత్తేది ఆవిడే.

ఈ నాలుగు మాటలూ ఆవిడ గొప్పదని చెప్పడానికి రాయడం లేదు. గొప్పది అంటే ఆవిడ ఒప్పుకోదు, "ఏటే, మరీ అంతొద్దు" అని నెత్తిన మొట్టుతుంది. నాకు ఆవిడ కావాలి. ఆవిడతో ఒక సంగతి తేల్చుకోవాల్సి ఉంది, దాన్ని పదిహేడేళ్ళు వాయిదా వేశాను. ఇప్పుడు తేల్చుకోవడానికి మనిషి లేదు, అందుకని మీతో చెప్పుకుంటున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అక్కచెల్లెళ్ళిద్దరూ విజయనగరం పక్క నుంచి పెళ్ళిళ్ళయి భిలాయి వచ్చినవాళ్ళే. మేము సెక్టర్ 4లో ఉండేవాళ్ళం. పెదనాన్న ఉక్కు ప్లాంటులో పనిచేస్తూ జబ్బు చేసి చిన్న వయసులోనే పోతే ఆ ఉద్యోగం పెద్దమ్మకు ఇచ్చారు. కాలిపోయిన మోటార్లకు రాగితీగ మళ్ళీ చుట్టే షాపులో వేశారు. అప్పటికి ఆవిడకు చుట్టడం వచ్చిన ఒకే ఒక్క తీగ స్వెట్టర్ ఊలు. ఆరు నెలల్లో అక్కడున్న మగవాళ్ళు తమ చుట్లు సరిగ్గా పడ్డాయో లేదో ఆవిడ చేత లెక్కపెట్టించుకునే దాకా వచ్చింది వ్యవహారం.

చెవుడు అమ్మమ్మ తరపు నుంచి వచ్చింది. నలభై దాటాక మొదలైంది, యాభై వచ్చేసరికి పూర్తిగా వినపడడం మానేసింది. మెషిన్లు తెచ్చి పెట్టారు గానీ వాటిలో గాలి హోరు తప్ప మాట లేదని తీసి డబ్బాలో పడేసింది. అమ్మ కుమిలిపోతుంటే పెద్దమ్మే ఓదార్చింది. "వినబడకపోతే సూస్తాను. దానికింత ఏడుపేటి?" అంది. అన్న మాట ప్రకారం చూడడానికి కావలసినవన్నీ తనే తయారుచేసుకుంది.

మొదటిది కూలర్‌ది. భిలాయి ఎండాకాలం తెలిసినవాళ్ళకు కూలర్ గురించి చెప్పనక్కరలేదు. కిటికీకి బిగించిన ఆ ఇనప డబ్బాలో చిన్న మోటారు నీళ్ళు పైకి తోడి గడ్డి మీద పోస్తుంది. అది ఆగిపోతే ఫ్యాను వడగాలి కొడుతుంది. ఆగిందో లేదో మనం చప్పుడును బట్టి చెప్తాం. పెద్దమ్మ ఆ మోటారుకు వెళ్ళే తీగను ఒక ఇనప ముక్క మీద నాలుగు చుట్లు తిప్పి, దాని పక్కన వెంట్రుక లాంటి సన్నతీగ వందల చుట్లు చుట్టి, ఆ సన్నతీగ కొసలకు గింజంత ఎర్రదీపం అతికించింది. మోటారు కరెంటు లాగుతున్నంతసేపూ దీపం వెలుగుతుంది. మోటారు మొరాయిస్తే ఆరిపోతుంది. రెండోది మెయిన్ స్విచ్చు పక్కన పెట్టిన మూడు దీపాలు. వోల్టేజి సరిగ్గా ఉంటే పచ్చ, తగ్గితే పసుపు, మరీ పడిపోతే ఎరుపు. పసుపు వెలిగితే ఫ్రిజ్ ఆపేసేది, వరసలో ఉన్న మిగతా ఇళ్ళకు కూడా వెళ్ళి ఆపమని చెప్పేది. వాళ్ళకు దీపాలు లేవుగా.

సామాన్లు సుపేలా బజారులో కొనేది. రేడియోలు బాగుచేసే ఒక చిన్న దుకాణం, ఆటోలు ఆగే చోట. నన్ను వెంట తీసుకెళ్ళేది, దుకాణదారు మాటలు నేను పలక మీద రాసి చూపించాలి. ఆవిడ సంచిలో ఎప్పుడూ ఒక పిల్లల పలక, బలపం ఉండేవి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన "బేటేనే చిట్ఠీ దీ హై క్యా?" అన్నాడు. కొడుకు చీటీ రాసిచ్చాడా అని. నేను రాసి చూపించాను. పెద్దమ్మ చదివి, పలక ఆయన మొహం ముందు పెట్టి, "బేటా నహీ, మై" అని వీధంతా వినపడేలా అరిచింది. తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకు ఎప్పుడూ తెలిసేది కాదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచీ ఆయన ఆవిడకు కుర్చీ వేసేవాడు.

వెనక వరండాలో పీట వేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, సోల్డరింగ్ పొగ తగలకుండా మొహం పక్కకు పెట్టి పని చేసుకునేది. నేను ఎదురుగా కూచుని రెసిస్టర్ల మీద రంగు గీతలు చూసి పేర్చేదాన్ని. తప్పు పేరిస్తే ఏమీ అనేది కాదు, తీసి పక్కన పెట్టేది. "ఇది వెలగదులే పెద్దమ్మా" అని నేను పలక మీద రాస్తే మాత్రం కోపం వచ్చేది. "తీగ ఏటి చెప్తాదో చెప్పనీ. నువ్వు ముందే అనీసుకోకు." ఆ మాట ఎన్నిసార్లు అందో. నాకు ఒంటబట్టలేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆవిడ చేసినవన్నీ నాకు నచ్చాయని చెప్పను. మా సెక్టర్ 4 ఇంట్లో ఫోను ముందు గదిలో ఒకటి, లోపల గదిలో ఒకటి ఉండేవి, రెండిటికీ ఒకటే లైను. అమ్మ అడిగిందని పెద్దమ్మ వంటింట్లో ఒక ఎర్రదీపం పెట్టి వెళ్ళింది. ఫోను పెట్టి ఉంటే ఆ తీగల్లో వోల్టేజి ఎక్కువ ఉంటుంది, ఎత్తగానే పడిపోతుంది. పడిపోతే దీపం వెలుగుతుంది. అంటే నేను లోపల గదిలో స్నేహితురాలితో గుసగుసలాడుతుంటే వంటింట్లో అమ్మకు తెలిసిపోతుంది. ఆ దీపం మీద నేను ఒకసారి బొట్టుబిళ్ళ అంటించాను. పెద్దమ్మ వచ్చి బిళ్ళ గీకి, తన నుదుట పెట్టుకుని వెళ్ళిపోయింది.

పెళ్ళయి నేను విశాఖపట్నం వచ్చాక మా ఇద్దరికీ ఫోను కష్టం మొదలైంది. నేను చేస్తే నారింజ దీపం వెలిగేది, ఆవిడ ఎత్తేది, ఎత్తి మాట్లాడేది. కూర ఏం వండిందో, ఎవరి కోడలు అలిగిందో, కూలర్ గడ్డి ఎప్పుడు మార్చిందో అన్నీ చెప్పేది. నేను వినేదాన్ని. నా తరపు నుంచి చెప్పడానికి దారి లేదు. "ఉన్నావా? ఉండే ఉంతావులే" అని తనే అనుకుని పెట్టేసేది. ఒక దీపావళికి నేను భిలాయి వెళ్ళేసరికి ఫోను పక్కన కొయ్యపలక మీద వరసగా ఆరు దీపాలు బిగించి ఉన్నాయి. మూడు పచ్చవి, రెండు పసుపువి, చివర ఒక ఎర్రది. అవతలి గొంతు మెల్లగా ఉంటే ఒకటి వెలుగుతుంది, పెరిగినకొద్దీ ఒక్కొక్కటే తోడవుతుంది. "ఇంక నువ్వేటన్నా నాకు కనబడిపోద్ది" అంది సంబరంగా.

ఒకటే చిక్కు. ఆవిడ మాట్లాడినా అవే దీపాలు వెలిగేవి, ఇంట్లో గిన్నె కిందపడినా వెలిగేవి. అందుకని తను చెప్పాల్సింది చెప్పేసి, అరచెయ్యి మాట్లాడే వైపు గట్టిగా అదిమిపెట్టి, దీపాలకేసి చూస్తూ కూచునేది. నాకు ఇటుపక్క ఆవిడ ఇంటి చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. ఫ్యాను చప్పుడు, పిట్టల అరుపు, బయట స్కూటరు, ఏమీ ఉండేవి కావు. అప్పుడు నా వంతు వచ్చిందని తెలిసేది. ఒకసారి "ఊఁ" అంటే ఔనని, రెండుసార్లంటే కాదని పెట్టుకున్నాం. ఇంతకంటే మంచి టెలిఫోను నేను ఎక్కడా చూడలేదు.

పెళ్ళయిన మూడో ఏడు నాకు ఏడో నెలలో బిడ్డ పోయాడు. మగపిల్లాడు. చూపించలేదు. అందరూ ఒకటే మాట, "చిన్నదానివి, మళ్ళీ పుడతాడు, తలుచుకోకు." ఆ మాట ప్రేమతోనే అన్నారు. కానీ నాకు తలుచుకోవాలని ఉండేది. మా ఆయన మంచివాడే, ఆ ఊసెత్తితే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవాడు. అమ్మకు చెప్తే తనే ముందు ఏడ్చి, బీపీ పెరిగి పడుకునేది. నేను ఆ బిడ్డకు పేరు కూడా అనుకుని పెట్టుకున్నాను. ఆ పేరు ఒక్కసారైనా పైకి అనడానికి ఒక్క మనిషి కావాలి.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ తన కబుర్లు చెప్పింది. చెయ్యి అడ్డం పెట్టింది. చప్పుళ్ళు ఆగిపోయాయి. ఎలాగూ వినపడదు కదా అనుకుని మొదలుపెట్టాను. ఆ పేరు పలికాను. వాడు కడుపులో ఎలా తన్నేవాడో, ఏ రోజు తన్నడం మానేశాడో, ఆ సంగతి గమనించడానికి నాకెంతసేపు పట్టిందో చెప్పాను. ఏడ్చాను. ఎక్కిళ్ళు ఆగేదాకా ఏడ్చాను. అంతా అయ్యాక ఇంకాసేపు చూసి, ఆవిడ చెయ్యి తీసింది. మళ్ళీ పిట్టలు వినపడ్డాయి.

"అయిపోనాదా? సరే, మొహం కడుక్కొని కాసింత తిను. రేపూ ఈ టైముకే సెయ్యి" అంది.

అలా రోజూ చేశాను. ఏడాది దాటి చేశాను. నాలుగు కావస్తుంటే నా కాళ్ళు వాటంతట అవే ఫోను దగ్గరికి నడిచేవి. ఇక్కడే ఒక తమాషా జరిగింది, ఆ రోజుల్లో నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. పెద్దమ్మ దీపాలు చూసి నేను హుషారుగా కబుర్లు చెప్తున్నానని అనుకుంది. అమ్మ పెద్దమ్మను అప్ప అంటుంది. మర్నాడు నాకు ఫోన్ చేసి, "అప్ప సెప్పింది, నిన్న గలగలా మాటాడినావట. ఎర్రదీపం దాకా వెలిగీసిందట. నా పేణం కుదుటపడింది తల్లీ" అంది. అమ్మకే కాదు, వరసంతా చాటింది. నేను భిలాయి వెళ్ళినప్పుడు నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళంతా "ఖుష్ హో న బేటీ? దీదీ రోజ్ బతాతీ హై" అనేవారు. సంతోషంగా ఉన్నావట, మీ పెద్దమ్మ రోజూ చెప్తోంది అని. నేను తలూపేదాన్ని. పాపం పెద్దమ్మ, తీగల గురించి అన్నీ తెలుసు గానీ నా గురించి ఏమీ తెలియదు అనుకునేదాన్ని. కొంచెం జాలి, కొంచెం నవ్వు. ఇంకొంచెం తప్పు చేస్తున్నట్టు కూడా ఉండేది, ఒక పెద్ద మనిషిని గోడలా వాడుకుంటున్నానని.

నిజంగా తెలియదా? ఆ అనుమానం మాత్రం పీకుతూనే ఉండేది. ఒకసారి భిలాయిలో ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు పలక తీసి రాశాను: "ఫోనులో నేను ఏం చెప్తానో నీకు తెలుసా?" దాని కింద వాడి పేరు కూడా రాసి ఒళ్ళో పెట్టుకున్నాను. గాజుల చప్పుడు వంటింట్లోంచి ఇటు వస్తోంది. తెలియదంటే, అన్ని రోజులూ నేను ఎవరికీ ఏమీ చెప్పుకోనట్టే. తెలుసంటే, మళ్ళీ ఆవిడకు ఫోన్ చేసే మొహం నాకుండదు. అరచేత్తో తుడిచేశాను. టీ ఇస్తూ నా తెల్లటి అరచెయ్యి చూసి, "బలపం తింతన్నావేటే, చిన్నప్పట్లాగ?" అంది.

తర్వాత అమ్మాయి పుట్టింది. మీకు తెలియనిదేముంది, స్కూళ్ళు, క్యారేజీలు, పరీక్షలు. రోజూ చేసే ఫోను వారానికొకటైంది, తర్వాత నెలకొకటి. మా ఇంట్లో ల్యాండ్‌లైను తీసేశాం. నాలుగేళ్ళ కిందట పెద్దమ్మకు నేనే మంచి ఫోను కొనిచ్చాను. ఇంక రాసుకోవచ్చు, మొహాలు చూసుకోవచ్చు, ఆ తీగల బాధ ఎందుకని. ఆవిడ నేర్చుకుంది. పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపేది, నేనూ ఒక పువ్వు పంపేదాన్ని. వీడియోలో ఒకటి రెండుసార్లు కనిపించి, చేతులూపుకున్నాం. మూడోసారి వద్దంది. "అందులో నువ్వు తయారై కూకుంతావు" అని రాసింది. తల దువ్వుకోవడం గురించి అనుకుని నవ్వుకున్నాను.

పువ్వుల బొమ్మల మధ్యలో, నెలకో రెండు నెలలకో, ఒక మెసేజీ వచ్చేది: "ల్యాండు ఫోను మీటరు పెట్టి సూసినాను. నలభై ఎనిమిది వోల్టులు వస్తంది. లైను బాగుంది." ఇంకోసారి: "ఆరు దీపాలూ వెలుగుతన్నాయి. టెస్టు చేసినాను." రిటైరైన మనిషి, చేతులు ఊరుకోవు, పాత సరదా అనుకున్నాను. బొటనవేలి బొమ్మ నొక్కి పంపాను. ప్రతిసారీ అదే బొమ్మ. ఇప్పుడు పైకి జరుపుకుంటూ చూసుకుంటే పదకొండు మెసేజీలున్నాయి, పదకొండింటి కిందా నా బొటనవేలే ఉంది. లైను బాగుందని ఆవిడ నాకు ఎందుకు చెప్తోందో ఒక్కసారి ఆలోచించినా ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఉండేదాన్ని. చెయ్యలేదు. నన్ను నేను క్షమించుకోవడం ఇంకా నా వల్ల కావడం లేదు.

కబురు వచ్చిన రాత్రి రైలెక్కి భిలాయి పక్కనే ఉన్న దుర్గ్‌లో దిగాను. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పది రోజులూ అక్కడే ఉన్నాను. వదిన నన్ను పెద్దమ్మ గదిలో పడుకోమంది. మెయిన్ స్విచ్చు దగ్గర పచ్చదీపం వెలుగుతోంది. ఆవిడ కళ్ళజోడు మీద సోల్డరు చుక్క ఒకటి అంటుకుని ఉంది. ఇల్లు నిండా మనుషులున్నా నాకు ఆవిడ కోసం వెతుకులాటగానే ఉండేది. వెనక వరండాలోకి ఊరికే వెళ్ళి చూసి వచ్చేదాన్ని. "ఈ ల్యాండు ఫోను కూడా తీయించీయాల. ఎవులు సేస్తారు దీనికి? అమ్మ ఎందుకు ఉంచిందో ఏటో" అన్నాడు అన్నయ్య. నాకు తెలిసినట్టే అనిపించింది.

పదకొండో రోజు మధ్యాహ్నం అందరూ నడుం వాల్చారు. నేను ఆ ఫోను పక్కన కూచుని ఉన్నాను. నారింజ దీపం ఒక్కసారి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎత్తాను. అన్నయ్య కూతురు, రాయపూర్ నుంచి. తొమ్మిదో నెల, ప్రయాణం వద్దన్నారు, నానమ్మ ఆఖరి చూపు కూడా దక్కలేదు దానికి.

"బువా? తుమ్ హో? అందరి మొబైళ్ళూ బందున్నాయి, ఇస్లియే దీనికి చేశాను" అంది. అది భిలాయిలో పుట్టిన పిల్ల, అత్తా అనడానికి బువా అంటుంది, దాని తెలుగు అంతే. ఏం తిన్నారు, ఎవరెవరు వచ్చారు అని అడిగింది. నేను దీపాల కేసి చూస్తున్నాను. పచ్చవి మూడూ వెలిగి, ఒకటి రెండు తగ్గి, మళ్ళీ పెరిగి, మధ్యలో ఒక పసుపు తోడై, తీరుబడిగా ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ ఈ వైపు కూచోలేదు. మాట ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను.

"నానమ్మ గదిలో ఉన్నావా బువా?" అంది. ఔనన్నాను. అంతే, అది ఏడ్చేసింది.

దీపాలన్నీ ఆరిపోయాయి. ఆరింటిలో ఒక్కటీ లేదు. ఊపిరి పట్టినంతసేపు చీకటి. తర్వాత ఆరూ ఒక్క దెబ్బకు ఎరుపు దాకా లేచాయి. మళ్ళీ చీకటి. మళ్ళీ ఆరూ. మధ్యలో పచ్చ, పసుపు అంటూ ఏమీ లేవు. చిన్నపిల్లలకు చూపించినా ఇది కబుర్లు కాదని చెప్తారు. ఇరవై ఏడేళ్ళు మీటరు ముల్లు కదలికను బట్టి ఏ మోటారులో ఏ చుట్టు కాలిందో చెప్పిన మనిషి, ఏడాది పాటు రోజూ దీన్ని ఎదురుగా కూచుని చూసింది. చూసి, హుషారుగా మాట్లాడిందని ఊరంతా చాటింది. మా అమ్మ ప్రాణం కుదుటపడాలని, పంపు దగ్గర నా గురించి గుసగుసలు ఉండకూడదని, నేను మర్నాడు నాలుగింటికి సిగ్గుపడకుండా మళ్ళీ ఫోన్ చెయ్యాలని.

నా అరచెయ్యి ఎప్పుడు వెళ్ళి ఫోనుకు అడ్డం పడిందో నాకు తెలియదు. అది ఏడ్చినంతసేపూ అలాగే పట్టుకుని కూచున్నాను. అది నెమ్మదించాక చెయ్యి తీసి, "కడుపులో వాడు తన్నుతున్నాడా?" అని అడిగాను. "బహుత్" అంది ముక్కు చీదుకుంటూ.

మర్నాడు నా రైలు. పక్క క్వార్టర్ చాచీ స్టీలు గ్లాసుల్లో టీ తీసుకుని వచ్చి వెనక మెట్టు మీద కూచుంది. ఛత్తీస్‌గఢ్ మనిషి, పెద్దమ్మతో ఒకే గోడ పంచుకుని ముప్ఫై ఏళ్ళు. తెలుగు ముక్కలు కొన్ని వచ్చు. నా తల నిమిరి, "తుమ్ ఖుష్ రహనా బేటీ. దీదీ చెప్పేది, నువ్వు ఎప్పుడూ ఖుష్" అంది.

ఎప్పట్లా తలూపబోయాను. ఊపలేకపోయాను. "లేదు చాచీ. ఆ రోజుల్లో నేను రోజూ ఏడ్చేదాన్ని. ఫోనులో ఏడ్చేదాన్ని" అన్నాను. మొదటిసారి, వినపడే మనిషితో.

చాచీ ఆశ్చర్యపోలేదు. టీ గ్లాసు కింద పెట్టింది. "మాలూమ్ హై" అంది. "హమ్ సబ్ కో మాలూమ్ థా."

అందరికీ తెలుసట. ఎలా తెలుసని అడిగితే మెల్లగా, సగం హిందీలో సగం తెలుగులో చెప్పింది. రోజూ ఫోను పెట్టేశాక పెద్దమ్మ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చేదట. తన ఏడుపు తనకు వినపడదు కదా, ఎంత గట్టిగా ఏడుస్తోందో తనకు తెలియదు. మెల్లగా, ఎవరికీ తెలియకుండా ఏడుస్తున్నాననుకునేది. నా బిడ్డ పేరు కూడా వాళ్ళు విన్నారట. ఆ పేరు నేను ఆ టీ రోజున పెద్దమ్మ పలక మీద రాసి, చూపించకుండా తుడిచేశానని అప్పుడు గుర్తొచ్చింది. బలపం గీతలు తుడిచినా పలక మీద కనబడతాయి, చూడడం వచ్చిన మనిషికి. మర్నాడు పొద్దున పంపు దగ్గరకు వచ్చి మొహం నిండా నవ్వుతో "మా పిల్ల కుషీగా ఉంది" అంటే, "అచ్ఛా దీదీ, బహుత్ అచ్ఛా" అని అందరూ బిందెలు ఎత్తుకునేవారట. ఆవిడ మాట నిలబెట్టాలి కదా మరి అంది చాచీ.

రోడ్డు మీద పోయేవాళ్ళు విని తలుపు కొట్టి ఏమైందని అడిగితే ఆవిడకు అవమానం. అందుకని సాయంత్రం నాలుగున్నరకు, పెద్దమ్మ లోపలి తలుపు వేసుకోగానే, ముందు చాచీ ఇంట్లో టీవీ చప్పుడు పెరిగేదట. తర్వాత దాని పక్కింట్లో భజనల రేడియో. ఆ పక్కింట్లో ఇంకో టీవీ. అలా వరస చివరి ఇంటి దాకా, ఎవరికీ ఎవరూ చెప్పకుండా. ఆ చప్పుళ్ళన్నిటి మధ్యా లోపలి గదిలో మా పెద్దమ్మ, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందనుకుంటూ, నా బిడ్డను పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చేది.